ఏ బగ్గీ కొనాలి?

"రేసింగ్ బగ్గీ కొందామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు?" అని ఇప్పటిదాకా నన్ను ఓ అరడజను మందైనా అడిగి ఉంటారు. అందరూ మనవాళ్ళే, అందరూ సాఫ్ట్‌వేరు వాళ్ళే, అడిగే పద్ధతి కూడా ఒకటే. నాలుగైదు మోడళ్ళు పక్కపక్కన పెట్టి ఎక్సెల్‌లో పట్టిక తయారు చేసుకుంటారు. గంటకెన్ని మైళ్ళు, మోటారెంత, ధరెంత, ఎన్ని స్టార్లొచ్చాయి, అన్నీ రాసుకుంటారు. ఆఖరి గడి నింపడానికి నాకు ఫోను కొడతారు. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి రాసి పెట్టుకుంటే లింకు పంపి ఊరుకోవచ్చు కదా అని ఈ టపా.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. నేను చెప్పేది పుట్టినరోజులకి పిల్లలకిచ్చే రిమోటు కార్ల గురించి కాదు. రేసింగ్ బగ్గీ అంటే నాలుగు చక్రాలకీ విడివిడి సస్పెన్షను, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు, సిలికాన్ నూనెతో డిఫరెన్షియల్, ఇలా నిజం కారులో ఉండేవన్నీ ఉండి, ప్రతి ముక్కా విడిగా దొరికే బండి. మట్టి ట్రాకు మీద దిబ్బలెక్కి దూకుతూ పరిగెడుతుంది. పోటీలున్నాయి, నియమాలున్నాయి, అమెరికాలో రోర్ అనీ ప్రపంచ స్థాయిలో ఇఫ్మార్ అనీ సంఘాలున్నాయి. 1/10 సైజు మట్టి బళ్ళకి మొదటి ప్రపంచ పోటీ 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగింది. టూ వీల్ డ్రైవ్‌లో జే హాల్సీ గెలిచింది టీమ్ అసోసియేటెడ్ వాళ్ళ ఆర్‌సీ10తో. 1984లో వచ్చిన ఆ బండి వంశం ఇంకా నడుస్తూనే ఉంది. జపాన్‌కి చెందిన మసామి హిరోసాకా అయితే రకరకాల తరగతుల్లో కలిపి 14 ప్రపంచ టైటిళ్ళు కొట్టాడు. అంటే ఇది నలభై ఏళ్ళకి పైబడిన వ్యవహారం. మనం ఇవాళ కనిపెట్టిందేమీ కాదు.

సరే, విషయానికొద్దాం. ఆ ఎక్సెల్ పట్టికల్లో ఎవరూ పెట్టని గడి ఒకటుంది. అది ట్రాకు. బండి కంటే ముందు ట్రాకుని ఎంచుకోవాలి. ఏమీ కొనకుండా ఉత్తచేతులతో ఓ శనివారం వెళ్ళి సాయంత్రం దాకా కూర్చోండి. చూడాల్సినవి మూడే మూడు. ఒకటి, ఏ తరగతిలో ఎక్కువ మంది పేర్లిచ్చారు? రెండు, అక్కడి షాపు గోడకి ఏ కంపెనీ విడిభాగాలు వేలాడుతున్నాయి? మూడు, నేల ఎలాంటిది?

మొదటిది తరగతి. మట్టి బగ్గీల్లో ముఖ్యంగా రెండు సైజులు, 1/10, 1/8. చిన్నది సుమారు 1.5 కిలోలుంటుంది, 7.4 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. పెద్దది మూడు కిలోల పైనే. అందులో నైట్రో ఇంధనంతో నడిచే 3.5 సీసీ ఇంజను రకమొకటి, 14.8 వోల్టుల బ్యాటరీ రకమొకటి. పెద్ద బండికి పెద్ద ట్రాకు కావాలి, పెద్ద దిబ్బలు కావాలి, విరిగినప్పుడు పెద్ద బిల్లు కూడా వస్తుంది. మనవాళ్ళు పట్టికలో వేగం గడి చూసి నేరుగా దీని మీద పడతారు. మీ దగ్గర్లోని ట్రాకులో ఆ తరగతిలో ఇద్దరే ఉన్నారనుకోండి, మీరు వెళ్తే ముగ్గురవుతారు. వాళ్ళలో ఒకాయన ఆ వారం రాలేదంటే మీ పోటీ ఎవరితో? ఎవరూ వాడని ఫ్రేమ్‌వర్కు ఎంత గొప్పదైనా, ఇరుక్కున్న రోజు అడగడానికి మనిషి ఉండడు. ఇదీ అంతే.

1/10లో మళ్ళీ టూ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నాయి. నా మటుకు నాకు కొత్తవాళ్ళకి టూ వీలే మేలు. ముందు డిఫరెన్షియల్ ఉండదు, ముందుకెళ్ళే షాఫ్టు ఉండదు, చెడేవి తక్కువ, ఖర్చూ తక్కువ. పైగా అది ట్రిగ్గర్ ఎలా నొక్కాలో నేర్పిస్తుంది. ఫోర్ వీల్ బండి మనం కాస్త మోటుగా నొక్కినా సర్దుకుపోతుంది. టూ వీల్ బండి గిర్రున తిరిగి మన వైపే చూస్తుంది. మోటారు విషయంలో 17.5 చుట్ల స్టాక్ తరగతి ఉంటే కళ్ళు మూసుకుని అందులో చేరండి. ఆ తరగతిలో అందరివీ అవే చుట్లు. స్పీడ్ కంట్రోలర్ కూడా టైమింగ్ పెంచకుండా ఉండాలి. పెంచలేదని చూపించడానికి దాని మీద లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, అందుకే దాన్ని బ్లింకీ అంటారు. డబ్బులు పోసి వేగం కొనుక్కునే దారి చాలావరకు మూసుకుపోతుంది కాబట్టి, ఓడిపోతే మోటారు మీదకి నెట్టడానికుండదు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిచోటు లేదు.

రెండోది గోడ. అసోసియేటెడ్, టీఎల్ఆర్, షూమాకర్, యోకోమో, క్యోషో, ఎక్స్‌రే, వీటన్నిటికీ మంచి బళ్ళున్నాయి. వాటిలో ఏది గొప్పదని వాదించుకోవడం ఈమాక్సా వీఐఆ అన్నట్టే ఉంటుంది, తెల్లారినా తేలదు. విరిగిన ముందు ఆర్మ్ మీకు శనివారం మధ్యాహ్నం రెండింటికి చేతికొస్తుందా, వచ్చే గురువారం పోస్టులో వస్తుందా అన్నది మాత్రం పది సెకన్లలో తేలే విషయం. గోడ చూస్తే చాలు. ఒకసారి మా పక్క బల్ల దగ్గర ఓ కుర్రాడు మాకంటే ఖరీదైన బండి తెచ్చాడు. మొదటి హీటులోనే ముందు భాగం విరిగింది. ఆ ముక్క అక్కడ లేదు. మిగతా రోజంతా పాపం కుర్చీలో కూర్చుని అందరి రేసులూ చూశాడు.

మూడోది నేల. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మేముండేది డాలస్ దగ్గర. ఇక్కడి నేలని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు, అంతా నల్లమట్టి. మాది గుంటూరు జిల్లా, నల్లరేగడి పొలాలు. శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ ఒకే జాతిలో వేసి వెర్టిసాల్స్ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్ళు తెరుస్తుంది. ఇక్కడా ఒకప్పుడు పత్తే పండించారు. వేసవిలో ఇళ్ళ పునాదుల చుట్టూ గొట్టాలు పెట్టి నీళ్ళు తడుపుతుంటారే, అది ఈ మట్టి కుంచించుకుపోయి పునాది పగలకుండా. మేము వెళ్ళే ట్రాకుకి ఈ నల్లమట్టి పనికి రాలేదు. వేరేచోటి నుంచి బంకమట్టి తెప్పించి, నీళ్ళు చల్లి, రోలరు తొక్కించారు. పొద్దున్నే తడిగా ఉన్నప్పుడు దాని మీద ఒక రకం టైరు పట్టుతుంది. మధ్యాహ్నానికి పై దుమ్ము కొట్టుకుపోయి, బళ్ళు తిరిగే గాడికి రబ్బరు అంటుకుని నల్లగా, నున్నగా మెరుస్తుంది. అప్పుడు పొద్దుటి టైరు పనికిరాదు. ఇంకో ఊరి ట్రాకులో ఈ రెండూ పనికిరావు.

టైరే కాదు, బండి కూడా నేలని బట్టే. మోటారు వెనక ఇరుసుకి వెనకాల ఉంటే బరువు వెనక చక్రాల మీద పడి పొడి మట్టిలో పట్టు దొరుకుతుంది. ఇరుసుకి ముందుంటే, నేలకే మంచి పట్టున్నచోట మలుపులు చకచకా తిరుగుతుంది. అసోసియేటెడ్ వాళ్ళు ఒకప్పుడు బి5 అని వెనక మోటారుతో, బి5ఎం అని మధ్య మోటారుతో రెండూ అమ్మారు. 2016లో బి6 వచ్చినప్పుడు కూడా గట్టి పట్టున్న నేలకి బి6, మట్టికి బి6డి అని రెండు రకాలు చేశారు. కాబట్టి "ప్రపంచంలో బెస్టు బగ్గీ ఏది" అనే ప్రశ్నకి జవాబు లేదు. "ఈ ట్రాకుకి ఏది" అంటే ఉంటుంది. ఏదో ఒక ఊరికి కట్టుబడితే తప్ప బగ్గీని ఎంచుకోలేం.

మా ఇంట్లో తంటా వచ్చింది సరిగ్గా ఇక్కడే.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఐ-140 వచ్చింది, గ్రీన్ కార్డు క్యూ కదలదు, మూడేళ్ళకోసారి పొడిగింపు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. అందుకని మేము ఏది కొన్నా ఒక లెక్క ఉండేది. తొందరగా అమ్ముడుపోవాలి, లేదా సూట్‌కేసులో పట్టాలి. పియానో నేర్చుకుంటానంటే కీబోర్డు కొన్నాం. మామిడి మొక్క పెడదామంటే కుండీలో కరివేపాకు పెట్టాం. ఇందులో తెలివి లేదని నేననను. మాలాంటి వాళ్ళందరూ చేసేదే.

మా అమ్మాయి పన్నెండేళ్ళప్పుడు స్నేహితురాలి అన్నయ్యతో కలిసి ట్రాకుకి వెళ్ళొచ్చి బగ్గీ కావాలంది. అది 2023 మొదట్లో. సాఫ్ట్‌వేరు కంపెనీలన్నీ వరసపెట్టి మనుషుల్ని తీసేస్తున్న రోజులు. మా కంపెనీలోనూ జనవరిలో ఒక విడత అయింది, మా టీములో ముగ్గురు వెళ్ళిపోయారు. రెండో విడత ఉందని ఒకటే పుకార్లు. మా ఆవిడ ఒకటే మాటంది. "రేపు వెళ్ళాల్సొస్తే ఈ సామానంతా ఎవరికిచ్చి పోతాం?"

నేనూ నా ఉద్యోగ ధర్మం ప్రకారం లెక్కలేశాను. బండి 1.5 కిలోలు, ట్రాన్స్‌మిటరు, చార్జరు, పనిముట్లు కలిపినా 23 కిలోల పెట్టెలో మూలకి వస్తాయి. బ్యాటరీ 7.4 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు, అంటే 37 వాట్ అవర్లు. 100 లోపు కాబట్టి చేతిసంచీలో విమానం ఎక్కించొచ్చు, అడుగున సామానులో మాత్రం వేయకూడదు. అంతా బానే ఉంది, మరి టైర్లు? సెట్టింగులు? అవి ఈ మట్టివి. అందుకని రెడీ టు రన్ బండి ఒకటి, అంటే పెట్టె విప్పి చార్జి చేస్తే పరిగెత్తేది, పార్కులో ఎక్కడైనా తిరిగేది కొందామని ప్రతిపాదించాను. ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది కదా అని.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "నాన్నా, వెళ్ళిపోతామేమో అని నేను ఫ్రెండ్స్‌ని చేసుకోవడం మానేశానా?" అంది.

కోపంగా కూడా అనలేదు. మామూలుగా అడిగింది. మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు. తనకి ఇరవై ఒకటి నిండేలోపు క్యూ కదలకపోతే తను మా వీసా మీద ఉండలేదు. ఆ లెక్క మా ఇద్దరికీ తెలుసు. తనకీ తెలుసని మాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాతి శనివారం ముగ్గురం కలిసే వెళ్ళాం. రిటైరైన ఓ తాత ఉన్నాడక్కడ, చాలా ఏళ్ళుగా ఆ ట్రాకులోనే తోలుతున్నాడు. కొత్త తరం బండి కొనుక్కుని పాతది అమ్మేస్తున్నాడు. బి6 వరుసలో మట్టికి చేసిన డి రకం. కొత్తదానిలో సగం ధర. బండితో పాటు సెటప్ కాగితం ఇచ్చాడు. ఏ షాకులో ఏ నూనె, ఏ స్ప్రింగు, నేల నుంచి ఎంత ఎత్తు, పొద్దున్న ఏ టైరు, మధ్యాహ్నం ఏది, అన్నీ పెన్సిలుతో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉన్నాయి. ఆ కాగితం విలువ బండి కంటే తక్కువేం కాదు. పాత బండి కొనేవాళ్ళకి నా సలహా ఇదే. ఆన్‌లైన్‌లో ఎక్కడో దూరాన ఉన్నవాడి దగ్గర కాకుండా మీ ట్రాకులో తోలేవాళ్ళ దగ్గరే కొనండి. బేరింగులు గరగరమంటున్నాయా, డిఫరెన్షియల్ అవుట్‌డ్రైవుల్లో గంట్లు పడ్డాయా, స్క్రూ తలలు అరిగిపోయాయా, ఈ మూడూ చూసుకుంటే చాలావరకు చూసినట్టే.

ఇంటికి తెచ్చాక కంపెనీ మాన్యువల్ దింపుకుని చివరి స్క్రూ దాకా విప్పాం. కొత్త కిట్టు కొనలేదన్న లోటు అలా తీరింది. రెండు మూడు రకాల హెక్స్ డ్రైవర్లు ఉంటే మొత్తం బండి విడిపోతుంది, 1.5, 2, 2.5 మిల్లీమీటర్లవి. రోజుకో గంట చొప్పున మూడు వారాలు పట్టింది. షాకుల్లో నూనె పోసి, పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ గాలిబుడగలు పోయేదాకా ఆగాలి. తొందరపడితే రెండు షాకులు రెండు రకాలుగా పనిచేస్తాయి. ఫోను చూడకుండా మా అమ్మాయి అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను అదే చూడ్డం. పారదర్శకంగా ఉండే పాలీకార్బనేట్ బాడీకి రంగు లోపలి వైపు నుంచి వేయాలి, అంటే అక్షరాలు తిరగేసి కత్తిరించుకోవాలి. తన పేరులో మొదటి అక్షరం తెలుగులో పెట్టుకుంటానంది. తిరగేసిన తెలుగక్షరం కత్తిరించడం మా ఆవిడ పని అయింది. "ఎవరికిచ్చి పోతాం" అన్న మనిషి అర్ధరాత్రి దాకా ముగ్గుపిండి గీతంత సన్నగా టేపు కోస్తూ కూర్చుంది.

మొదటి పోటీలో తను చివరి నుంచి రెండో స్థానం. రెండో హీటులో ముందు ఆర్మ్ విరిగింది. గోడ మీద ముక్క ఉంది, కొన్ని డాలర్లు. ప్రతి ముక్కా తన చేత్తో విప్పిందే కాబట్టి పావుగంటలో మార్చేసింది, నా చెయ్యి పడలేదు. దూకినప్పుడు గాల్లో బండి ముక్కు కిందికి పోతుంటే ట్రిగ్గర్ నొక్కాలి, పైకి లేస్తుంటే బ్రేకు వేయాలి. చక్రాలు ఒకవైపు వేగం పుంజుకుంటే బండి రెండోవైపు తిరుగుతుంది, కోణీయ ద్రవ్యవేగం. ఇంటర్లో నేను బట్టీ పట్టిన ఆ సూత్రం మా అమ్మాయి వేలికి వచ్చేసింది.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. మీ రేసు అయిపోగానే వెళ్ళిపోవడానికి లేదు. తర్వాతి రేసుకి మార్షల్‌గా ట్రాకులో నిలబడి, బోల్తా పడ్డ బళ్ళని ఎత్తి నిలబెట్టాలి. గెలిచినా, ఓడినా, మీ బండి విరిగిపోయినా సరే. ఏ వీసా మీద వచ్చారని అడిగేవాళ్ళు లేరక్కడ. నాలుగో మలుపు దగ్గర మనిషి ఉన్నాడా లేడా అన్నదే లెక్క. మా అమ్మాయి ఇప్పటికి కొన్ని వందల బళ్ళు ఎత్తి నిలబెట్టి ఉంటుంది.

ఇక ఖర్చు సంగతి. బండికి ఎంత పెడతారో, మోటారు, స్పీడ్ కంట్రోలరు, సర్వో, బ్యాటరీలు, చార్జరు, ట్రాన్స్‌మిటరు అన్నిటికీ కలిపి ఇంచుమించు ఇంకో అంత అవుతుందనుకోండి. పొదుపు చేయాలంటే బండిలో చేయండి, ట్రాన్స్‌మిటరు, చార్జరుల్లో వద్దు. బళ్ళు మారతాయి, అవి రెండూ ఏళ్ళ తరబడి ఉంటాయి. లిథియం పాలిమర్ బ్యాటరీతో ఆటలొద్దు. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే దిగకూడదు, వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. చార్జింగు పెట్టి నిద్రపోకండి. ఈ ఒక్క విషయంలో మాత్రం పిల్లలకి వదిలేయకుండా పెద్దవాళ్ళు పక్కనుండాలి.

హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ అడిగేవాళ్ళకి కూడా నా జవాబు ఇదే, ఒక్క మార్పుతో. అక్కడ గోడలు తక్కువ, ముక్కలు బయటి నుంచి రావాలి, పైన సుంకం, బ్యాటరీలు విమానంలో రావడం ఇంకో తలనొప్పి. కాబట్టి గోడ బదులు మనుషుల్ని చూడండి. మీ చుట్టుపక్కల ఇప్పటికే తోలుతున్న నలుగురి దగ్గర ఏ బండి ఉందో అదే కొనండి, అది మీ పట్టికలో మూడో స్థానంలో ఉన్నా సరే. ఒకరి డబ్బాలో మిగిలిన ముక్క ఇంకొకరికి పనికొస్తుంది.

ఏతావాతా నేను చెప్పేదేంటంటే, పట్టిక మూసేయండి. ముందు ఎక్కడ తోలతారో తేల్చుకోండి, ఎవరితో తోలతారో తేల్చుకోండి. మిగతావి వాటంతటవే తేలతాయి. అక్కడ ఎన్నేళ్ళుంటామో తెలియదంటారా? మాకూ తెలియదు. మా తర్వాతి పొడిగింపు కాగితాలు ఇంకా లాయరు దగ్గరే ఉన్నాయి. ఈలోగా ఆ తాత ఇచ్చిన సెటప్ కాగితంలో పెన్సిలు గీతల పక్కన మా అమ్మాయి నీలం సిరా గీతలు సగం పేజీ దాకా వచ్చాయి. మేము వెళ్ళాల్సొస్తే బండి మాతో వస్తుంది, కాగితం నకలు మాత్రం ఇక్కడే ఎవరికైనా ఇచ్చి వెళ్తుందట. ఈ మట్టి సంగతి ఇక్కడివాళ్ళకే కదా కావాలి అంటుంది.

ఇంకేమైనా సందేహాలుంటే అడగండి, తెలిసినంతవరకు చెప్తాను. గేరు రేషియోల గురించి మాత్రం నన్నడక్కండి. ఆ శాఖ మా అమ్మాయిది, నాకు చెయ్యి పెట్టే అనుమతి లేదు :-)